గంధకం వాసన వచ్చిన పుట్టగొడుగు కాఫీ

ఏళ్ళ తరబడి కాఫీ రుచి చూసి జీతం తీసుకున్నదాన్ని, చివరికి కాఫీ గింజే లేని కాఫీని రుచి చూసి రిటైరయ్యాను. ఈ మాట చెబితే మా హోసూరులో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నేనూ చాలాకాలం నవ్వినదాన్నే.

మొన్న సూళగిరి నుంచి బస్సులో వస్తుంటే, ఏదో ఆహార కంపెనీలో నాణ్యత విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కన కూర్చుంది. నేను చేసిన పని సంగతి తెలిసి, "సరుకు బాగాలేదని చెప్పాలంటే నాకు కాళ్ళు వణుకుతాయి మేడమ్. అందరూ నా మొహం వైపే చూస్తారు" అంది. అంతలో బస్టాండు వచ్చేసింది. ఆ పిల్లకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా అదే మనసులో పడి తిరిగింది. అందుకే ఇది రాస్తున్నాను, ఆమెకూ ఆమెలాంటి పిల్లలకూ.

పెద్ద కాఫీ కంపెనీలో నా ఉద్యోగం వయసు రాగానే ముగిసింది. ఇంట్లో కూర్చుని పక్కింటివాళ్ళ డికాక్షన్‌లో తప్పులు వెతుకుతున్న రోజుల్లో ఒక కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే కుటుంబం అతనిది. కాఫీ తాగితే గుండె దడ, రాత్రి నిద్ర లేకపోవడం. ఎవరో పుట్టగొడుగుల పొడి కలిపిన పానీయం అలవాటు చేశారట. ఇక ఆ రోజు నుంచి అతనికి అదే లోకం. సూళగిరి పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు తీసుకుని, ఆ పానీయాన్ని తానే తయారు చేసి బెంగళూరు దుకాణాలకు అమ్మాలని పట్టు పట్టాడు.

"అమ్మా, నాకు మీ నాలుక కావాల" అన్నాడు.

"నాలుక నీకిస్తే నేను దేంతో తిట్టాలప్పా?" అన్నాను.

అయినా ఒప్పుకున్నాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. ఒకటే షరతు పెట్టాను. సరుకు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా నా మాటే చివరి మాట. అతను సరేనన్నాడు. అప్పుడు సరేననడం అతనికి తేలికే, ఇంకా సరుకే లేదు కదా.

మొదటి తగాదా డబ్బా మీద అంటించే చీటీ దగ్గర వచ్చింది. జ్ఞాపకశక్తి పెరుగుతుంది, ఒత్తిడి పోతుంది, రోగాలు దరికి రావు అని ఊరి జాతరలో మందులమ్మేవాడిలా రాసుకొచ్చాడు. నేను అన్నీ కొట్టేశాను. "ఇది తాగితే నీకు జ్ఞాపకశక్తి పెరిగిందా? పెరిగుంటే నేను పెట్టిన షరతు గుర్తుండాలే" అన్నాను. ఏమున్నదో అది రాయి, ఏ మందూ కొట్టని సరుకని రాయి, మాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడిగి తాగాలని రాయి, అంతే చాలు అన్నాను. ఇట్లా రాస్తే ఎవరు కొంటారని దిగాలు పడ్డాడు. డాక్టరును అడిగేంత బుద్ధి ఉన్నవాళ్ళు కొంటారని చెప్పాను.

ఇంతకీ ఆ పానీయం ఏమిటో చెప్పాలి. రీషీ అని ఒక పుట్టగొడుగు. మనం కూర వండుకునే మెత్తటి గొడుగు కాదు, ఎర్రగా నిగనిగలాడుతూ చెక్కలా గట్టిగా ఉంటుంది. రంపపు పొట్టు నింపిన సంచుల్లో పెంచుతారు. దాన్ని ఎండబెట్టి, పలుచగా కోసి, పెద్ద ట్యాంకులో చాలాసేపు మరిగించి, ఆ కషాయాన్ని పొడి చేస్తారు. ఆ పొడిలో వేయించిన రాగులు, చికరీ కలుపుతాం. వేడి నీళ్ళలో వేసుకుంటే రంగు కాఫీదే. రుచి మాత్రం, కాఫీ అనుకుని తాగితే మోసపోయినట్టు ఉంటుంది, వేరే ఏదో అనుకుని తాగితే నాలుగు రోజులకు అలవాటవుతుంది.

ట్యాంకు దగ్గర పనిచేసే ఆపరేటరు కృష్ణగిరి పక్క పల్లెవాడు. ఇంట్లో ఇప్పటికీ గొర్రెలున్నాయి, అన్న మేపుతాడు, ఇతను ఫ్యాక్టరీకొస్తాడు. మొదటి రోజు ట్యాంకులోకి తొంగి చూసి, "మా ఊర్లో వానలు పడితే పుట్టల కాడ పుట్టగొడుగులు పీక్కొచ్చి కూర చేసుకొంటాం మేడమ్. హోసూరు బస్టాండులో బండిమీద ఆ పుట్టగొడుగుల్నే కాళాన్ అని అరవంలో పిలిచి ప్లేట్లో ఏసిస్తారు. దీన్ని కాఫీ మాదిరి తాగేది ఎవరు కనిపెట్టినారో ఆ మహానుభావుడికి ఇంట్లో పెండ్లాము కాఫీ ఇయ్యలేదేమో" అన్నాడు. మనిషికి నోరు ఎక్కువ, కానీ పనిలో గట్టివాడు. ట్యాంకు కడిగితే అందులో మొహం చూసుకోవచ్చు.

మొదట్లో రీషీ ఎక్కడో దూరం నుంచి వచ్చేది. వచ్చేసరికి బూజు వాసన పట్టేది, సగం తిప్పి పంపేదాన్ని. దగ్గర్లోనే పండించేవాళ్ళు కావాలని ఆ కుర్రవాడు, అంటే ఇప్పటి మా యజమాని, ఊళ్ళన్నీ తిరుగుతుంటే, బాగలూరు వైపు నుంచి ఒక రైతు ఇంటి కోడలు తనంతట తానే వచ్చింది.

తరాలుగా ఆ మెట్ట నేలలో సేద్యం చేసుకుంటున్న కుటుంబం వాళ్ళది. ఇప్పుడు పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ పట్టా కప్పిన షెడ్డుల్లో, రోజాలు పెంచుతున్నారు. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు వస్తుందంటే ఆ ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా ప్రేమ చూపించే తీరిక ఉండదు. కోతలు, కట్టలు, లారీలు. ఈ అమ్మ ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి రోజాలు కోసింది, ముళ్ళు గీరుకున్న చేతులతో వంట చేసింది. ఏ పూవు ఎప్పుడు కోయాలో మామ చెబుతాడు, ఎవరికి అమ్మాలో మొగుడు చెబుతాడు. తానొకటి చెప్పి, అది జరగడం చూడాలని ఆమె కోరిక. పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణ తీసుకుని, అన్నిటికన్నా చిన్న పాలీహౌసు తనకు ఇమ్మని ఇంట్లో అడిగింది.

మామ గట్టి మనిషి. ఊళ్ళో రోజాకు తెగులు వస్తే అందరూ ఆయన దగ్గరకే వస్తారు. పుట్టగొడుగులంటే ఆయన దృష్టిలో కుళ్ళిన కట్టె మీద వచ్చే దరిద్రం. "బూజును పెంచుతాదంట మా కోడలు" అని టీ అంగడి దగ్గర నవ్వులాట చేశాడు. ఆమె మాత్రం వదల్లేదు. చివరికి నలుగురి ముందు ఒక మాట అన్నాడట: మొదటి పంట ఫ్యాక్టరీవాళ్ళు తీసుకుంటే ఆ షెడ్డు నీది, తీసుకోకపోతే ఫిబ్రవరి పూలకు కొమ్మలు కత్తిరించే కాలం రాకముందే అందులో మళ్ళీ రోజాలు పెట్టాల్సిందే. ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. ఇదంతా ఆమె నా దగ్గర నిలబడి, బెదురు లేకుండా చెప్పింది.

"షెడ్డులో ఏ మందూ కొట్టకూడదమ్మా. ఏదీ. ఒక్క చుక్క కూడా" అన్నాను.

"మందు వాసన కూడా తగలనియ్యను మేడమ్. చంటిబిడ్డ మాదిరి చూసుకొంటాను" అంది.

చూసుకుంది కూడా. మధ్యలో ఒకసారి పోయి చూశాను. షెడ్డులో నీడ వల కట్టి, పొద్దున సాయంత్రం తుంపర పట్టించి, సంచుల నోళ్ళ దగ్గర లేత పుట్టగొడుగులు జింక కొమ్ముల్లా లేస్తుంటే ఒక్కొక్క దాన్నీ చూపించింది. లోపల ఎర్రగా, అంచు మాత్రం పాలలా తెల్లగా. ఆ తెల్లటి అంచు ఉన్నంతవరకు అది పెరుగుతున్నట్టే. అంచు కూడా ఎర్రబడిపోతే పెరుగుదల ఆగినట్టు, అప్పుడు కోయాలి. ఆ ముక్క నాకు చెబుతున్నప్పుడు ఆమె మొహంలో వెలుగు చూసి, పాస్ చేసేద్దాం ఈ పంటను అని మనసులో అప్పుడే అనుకున్నాను. అట్లా ముందే అనుకోకూడదు పిల్లలూ, కానీ అనుకుంటాం. మనుషులం.

కోసి, ఎండబెట్టి, ముక్కలు చేసిన మొదటి సరుకు మూటలు సూళగిరికి వచ్చాయి. బెంగళూరు దుకాణం ఒకటి డబ్బాల కోసం రోజూ ఫోన్ చేస్తోంది. మా యజమాని ఆత్రం కొద్దీ, నేను రాకముందే ట్యాంకులో నీళ్ళు కాగబెట్టమని ఆపరేటరుకు చెప్పేశాడు. నేను వచ్చేసరికి ఆవిరి లేస్తోంది, మూటల మూతులు విప్పి ఉన్నాయి.

నా పద్ధతి ఒకటుంది. కాఫీ రోజుల నుంచీ అదే. కప్పులో సరుకు వేసి, మరిగే నీళ్ళు పోసి, పైన సాసరు మూసి కాసేపు పక్కన పెడతాను. ఎవరితోనూ మాట్లాడను. తర్వాత మూత ఎత్తగానే ముక్కు దగ్గర పెట్టుకుంటాను. నాలుక తర్వాత, ముక్కు ముందు. మూత ఎత్తిన మొదటి ఊపిరిలో తెలియనిది తర్వాత ఎంత తాగినా తెలియదు.

మూత ఎత్తాను. తడికట్టె వాసన రావాలి. దాని వెనకే ఇంకోటి వచ్చింది. అగ్గిపెట్టె.

పొరపాటేమోనని ఇంకో మూటలోంచి తీసి మళ్ళీ పోశాను. మళ్ళీ అదే. ఆపరేటరును పిలిచి, ఏమీ చెప్పకుండా కప్పు అతని ముక్కు కింద పెట్టాను.

"దీపావళి మరుసటి పొద్దున వీధిలో వచ్చే వాసన ఉండాది మేడమ్" అన్నాడు. ట్యాంకు వైపు చూసి, "నీళ్ళు కాగినాయి. పోసేదా, ఆపేదా?" అన్నాడు.

"ఆపప్పా."

అతను ఆవిరి కవాటం తిప్పేశాడు. ఆ చప్పుడు ఆగగానే మా యజమాని పరిగెత్తుకొచ్చాడు. కప్పు వాసన చూసి, నాకేం తెలియడం లేదన్నాడు. రెండోసారి చూసి, కొంచెం ఉందేమో అన్నాడు. మూడోసారి చూసి తలొంచుకున్నాడు.

"గంధకమే అయితే ఏమైంది మేడమ్? ద్రాక్షల మీద కొడతారు, రోజాల మీద కొడతారు. సేంద్రియం వాళ్ళు కూడా కొడతారు. విషమేం కాదు కదా?"

తెలివైన కుర్రవాడు, మాట్లాడింది అబద్ధమూ కాదు. "ద్రాక్ష కడుక్కుని తింటారప్పా. మనం గంపెడు సరుకు మరిగించి గుప్పెడు పొడి చేస్తాం. గంపలో ఉన్నదంతా ఆ గుప్పెట్లోకి రాదని నువ్వు చెప్పగలవా? మనది తాగేది ఎవరు? ఒంట్లో బాగాలేక, కాఫీ పడక, ఇదైతే మంచిదని నమ్మి వచ్చినవాళ్ళు. ఏ మందూ కొట్టలేదని చీటీ మీద మనమే రాశాం."

"చికరీ కొంచెం ఎక్కువ వేస్తే వాసన తెలియదు" అన్నాడు మెల్లగా.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "వాసన తెలియకుండా చేసేదానికేనా నా నాలుకను అడిగి తెచ్చుకున్నావు? అట్లయితే జలుబు చేసిన మనిషిని ఎవరినైనా పెట్టుకోవాల్సింది" అన్నాను.

అతను కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే నాకు తేలికయ్యేది. "ఆ అమ్మ గతి ఏమౌతుందో మీకు తెలుసు కదా మేడమ్" అన్నాడు. "మీరు వద్దంటే ఆ షెడ్డు పోతుంది."

తెలుసు. ఆ ఇంట్లో ఆమె మాట నిలబడటమా పడిపోవడమా అన్నది ఆ మూటల మీదే ఉందని నాకు అందరికన్నా బాగా తెలుసు. జాలి చూపించి మూటలు లోపలికి తీసుకుంటే ఆమె గెలుస్తుంది, నేనూ మంచిదాన్నవుతాను. తాగేవాడొక్కడే ఆ గదిలో లేడు. మన పనిలో ఎప్పుడూ లేనివాడి తరఫునే మాట్లాడాలి పిల్లలూ, ఎదురుగా ఉన్నవాళ్ళ తరఫున మాట్లాడటానికి చాలామంది ఉంటారు.

నమూనా ఒకటి బెంగళూరు ల్యాబుకు పంపించాను. వాళ్ళ కాగితం కోసం ఆగలేదు. మర్నాడు పొద్దున్నే మా యజమాని కారులో బాగలూరు పోయాం.

మేము పోయేసరికి మామగారు వాకిట్లో కూర్చుని రోజాల కట్టలు కాగితంలో చుడుతున్నాడు. కొడుకు ఆ కట్టలు బండిలో సర్దుతున్నాడు. కోడలు నవ్వుతూ ఎదురొచ్చింది. సరుకు తీసుకున్నామని చెప్పడానికే వచ్చామనుకుంది పాపం. నేను సంగతి చెప్పాను.

ఆ నవ్వు ఎటుపోయిందో తెలియదు. "గంధకమా? నా షెడ్డులోనా? ఏమి మేడమ్ ఇట్ల మాట్లాడతారు? సరుకు వద్దనాలంటే వద్దని చెప్పండి, నా మీద అపవాదు యాల ఏస్తారు?"

"అపవాదు కాదమ్మా. పద, చూద్దాం."

కోయకుండా వదిలిన చిన్నవి కొన్ని ఇంకా సంచుల మీదే ఉన్నాయి. ఒకటి తెంపి తిరగేసి, నా నల్ల కొంగుకు దాని అడుగు భాగం రుద్దాను. రీషీ ముదిరితే సన్నటి గోధుమరంగు పొడి రాలుస్తుంది, అది మామూలే. దాంతో పాటు లేత పసుపు గీత ఒకటి పడింది. ఆమె నా కొంగు పట్టుకుని వాసన చూసింది. రోజాల ఇంటి కోడలు, ఆ వాసన ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టూ రోజా షెడ్డులన్నిటా అదే వాసన కాబట్టే ఇన్నాళ్ళూ ఆమెకు తేడా తెలియలేదు.

కొంగు వదిలేసి బయటికి వచ్చింది. "నా షెడ్డులోకి ఎవరు పోయినారు?" అంది. గట్టిగా కూడా అనలేదు.

మొగుడు నాకు తెలియదన్నాడు. పనిచేసే ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామగారి చేతుల్లో కాగితం ఆగిపోయింది.

"నేను పోయినానమ్మా" అన్నాడు.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన ఎవరి వైపూ చూడకుండా చేతిలో ఉన్న రోజాలతోనే చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వు మీ అమ్మోళ్ళ ఊరికి పోయిన పొద్దు, ఎట్ల ఉండాదో చూద్దామని లోపలికి పోయినాను. అంచులన్నీ తెల్లగా ఉండాయి. బూడిద తెగులు పట్టుకొనిందనుకొన్నాను. రోజాకి ఆ తెలుపు కనిపించినాక ఊరికే కూర్చుంటే తోటంతా పోతాది. నా చెయ్యి ఆగలేదు. గంధకం కలిపి కొట్టేసినాను. రెండుతూర్లు."

"నాకు ఒక మాట చెప్పకూడదా మామా?"

"ఏ మొగం పెట్టుకొని చెప్పేది? వద్దు వద్దు అని ఊరంతా నవ్వినోణ్ణి. నీ పంటకి నేనే కాపలా కాసినానని తెలిస్తే నలుగురూ నన్ను చూసి నవ్వరా?"

బతుకంతా బూజును చంపిన మనిషి ఆయన. కోడలు ఆ బూజునే పంటగా పెట్టింది. ఆమె చేసే పని నచ్చలేదని పదిమందిలో అన్నాడు, ఆమె ఓడిపోవడం మాత్రం చూడలేకపోయాడు. ప్రేమ కొద్దీ చేసిన పని పంట కొంప ముంచింది. మా యజమాని నవ్వాలో ఏడవాలో తెలియక గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ముసలాయన మీద కోపమూ రాలేదు.

"ఆ తెలుపే పెరిగేది మామా" అంది ఆమె. "తెల్లగా ఉంటేనే అది బతికి ఉండేది."

ఆయన చేతిలోని రోజాలు కింద పెట్టేశాడు.

ఆ పరిస్థితి చూడలేక మా యజమాని, "పోనీలెండి, సరుకు మేము తీసుకుంటాం. కడిగి, ఆరబెట్టి ఏదో చేస్తాం" అన్నాడు.

"తీసుకోము" అన్నాను.

ఇప్పుడు అందరూ నా వైపు చూశారు. మొగుడు, పనివాళ్ళు, మామగారు, మా యజమాని. బస్సులో ఆ పిల్ల చెప్పిన చూపులే. నాకూ కాళ్ళు వణికాయి, దాచడమెందుకు? వణికే కాళ్ళతోనే నిలబడాలి. అంతకన్నా వేరే ఉపాయం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"మీరు తీసుకోరు కదా మేడమ్?"

"తీసుకోనమ్మా."

"తీసుకొంటానన్నా నేను ఇయ్యను" అంది. "ఆ సంచులు మళ్ళా కాస్తాయా?"

"కాసినా ఆ గంధకం అందులోనే ఉంటుందమ్మా. కొత్తవి పెట్టాలి."

"సరి." కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు, మామ ముందుకు పోయి నిలబడింది. "మామా, ఆ షెడ్డులో పెట్టేదానికి రోజా మొక్కలు కావాలని నర్సరీలో చెప్పినారంట. వద్దని చెప్పేయండి."

"ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోకపోతే రోజాలేనని నలుగురిలో మాట ఇచ్చినాం కదమ్మా" అన్నాడు ఆయన. మాటలో పంతం లేదు. మాట తప్పడం ఎట్లాగో తెలియనివాడి దిగులు మాత్రం ఉంది.

"నా పంట ఓడిపోయుంటే నేనే రోజాలు పెడతాను. అది ఓడిపోలేదు మామా, మీరు చంపినారు. నాకు ఇంకోతూరి ఇయ్యండి. దయ చూపించి ఇయ్యొద్దు. నాది కాబట్టి ఇయ్యండి."

ఆ ఇంట్లో ఎవరూ ఆయనతో అట్లా మాట్లాడి ఉండరు. కొడుకు కట్టలు సర్దడం ఆపేశాడు. ముసలాయన లేచి ఇంట్లోకి పోయాడు. కోపం వచ్చి పోయాడనుకున్నాం. పెద్ద ఇనుప తాళం ఒకటి పట్టుకుని బయటికి వచ్చి, కోడలి చేతిలో పెట్టాడు.

"దీన్ని షెడ్డుకి ఏసుకో. తాళంచెవి ఎవరికీ ఇయ్యొద్దు. నేనొచ్చి అడిగినా ఇయ్యొద్దు. నా చెయ్యిని నేనే నమ్మను" అన్నాడు.

ల్యాబు కాగితం తర్వాత వచ్చింది, ముక్కు చెప్పిందే చెప్పింది. ఆ మూటలన్నీ బాగలూరుకే తిప్పి పంపాం. వాటిని ఆమె తన చేతులతోనే రోజా మడుల్లో పోసింది. రోజాలు మాత్రం ఆ ఏడు బాగా పూశాయి, వాటికేం.

నీతికథల్లో అయితే బెంగళూరు దుకాణంవాళ్ళు మా నిజాయితీ మెచ్చుకుని ఇంకో ఆర్డరు ఇవ్వాలి. వాళ్ళు ఇంకొకరి దగ్గర కొనుక్కున్నారు. మా యజమాని చాలా రోజులు నాతో అవసరం ఉన్న మాటే మాట్లాడాడు. నేనూ అంతే. నష్టం నష్టమే, దానికి చికరీ కలిపి తాగించలేం. కానీ ఒక రోజు అతను కొత్త చీటీ నమూనా తెచ్చి, నేను అడక్కుండానే నా ముందు పెట్టి, "కొట్టేయాల్సింది ఏమైనా ఉందా మేడమ్?" అన్నాడు. కొట్టేయడానికి అందులో ఏమీ లేదు.

బాగలూరులో ఆమె కొత్త సంచులు పెట్టింది. ఊరంతా ఫిబ్రవరి పూలకు సిద్ధమవుతుంటే ఆ ఒక్క షెడ్డుకు తాళం. పూలు లేని షెడ్డును చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. మొగుడు కూడా అలిగాడని విన్నాను. ఆమె మాత్రం పొద్దున తాళం తీయడం, సాయంత్రం వేయడం మానలేదు. ఆ షెడ్డు గుమ్మం ముందు మామ కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. ఎవరైనా లోపలికి పోబోతే, "పోగూడదప్పా, నేనే పోను" అనేవాడట.

రెండో సరుకు ఆమే స్వయంగా గూడ్స్ ఆటోలో మూటల మధ్య కూర్చుని తీసుకొచ్చింది. బయట కూర్చోమంటే వినలేదు. నా బల్ల దగ్గరే నిలబడింది. ఆపరేటరు ఈసారి నీళ్ళు కాగబెట్టలేదు, ట్యాంకు కడిగి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మా యజమాని గది గుమ్మంలో ఉన్నాడు. ఎవరూ నన్ను తొందర పెట్టలేదు.

మూత ఎత్తాను. తడికట్టె వాసన. ఇంకో మూట. తడికట్టె వాసన. అన్ని మూటలూ అయ్యేదాకా నేను తల ఎత్తలేదు. ఆ తర్వాత రుచి చూసి, "నీళ్ళు పెట్టప్పా" అన్నాను.

ఆపరేటరు విజిల్ వేశాడు. ఆమె మాత్రం కదల్లేదు. "నాకూ ఒక కప్పు పోయండి మేడమ్" అంది. "ఇన్ని దినాలు పెంచినాను గానీ ఎట్ల ఉంటాదో తాగి చూడలేదు."

ఏమీ కలపని కషాయం అది. వేడివేడిగా ఒక గుక్క తాగి మొహమంతా ముడిచింది. "అయ్యో, ఇంత చేదా! దీనికోసమా మేడమ్ నేను ఇంట్లో అందరితో పోట్లాడింది?"

"చికరీ కలిపి ఇస్తానుండమ్మా."

"వద్దు వద్దు." కప్పు చివరిదాకా తాగేసింది. "మామకి కొంచెం ఫ్లాస్కులో పోసియ్యండి."

"ఆయన మాత్రలేమైనా వాడతాడా?"

"ఏమీ లేవు మేడమ్, రాయి మాదిరి ఉండాడు."

పోసిచ్చాను. సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. వెనక నుంచి బండ్ల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపిస్తోంది.

"తాగినాడు మేడమ్. గుటక గుటకకి నా మొగం చూసుకొంటా మొత్తం తాగినాడు. తాగేసి, పక్క షెడ్డులో రోజాలు ముదిరిపోయినాయి, తీసేద్దామా అమ్మా, నువ్వేమంటావు అని నన్ను అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"ఇప్పుడే వద్దు మామా, ఎప్పుడనేది నేను చెప్తాను అన్నాను" అంది.